చక్రం మీద కాలు

గిరిబాబుకు తన ట్రక్కంటే ఎంత ప్రాణమో, దాని గురించి ఎవరైనా సలహా చెబితే అంత మంట. ఆ పాత పికప్పు వాళ్ళ నాన్న నరసింగరావుది. ముందు చక్రం సరిగ్గా తలుపు కిందే ఉండే పాత రకం బండి. నాన్న పోయాక, కొండ కింద ఊళ్ళ నుంచి శృంగవరపుకోట సంతకు పనసకాయలూ అల్లమూ చేరవేసే పని కొడుకు మీద పడింది. దారిలో రాళ్ళ వాగు, ఆ గెడ్డ దాటేటప్పుడు బండి అడుగు రాళ్ళకు కొట్టుకుంటోందని, కిందటేడు ఎవరినీ అడక్కుండా విజయనగరం తీసుకెళ్ళి, ఇరుసుల మీది కమాను పట్టీల దగ్గర ఇనుప దిమ్మలు వేయించి, బండి ఒళ్ళంతా పైకి లేపించేశాడు. ఊళ్ళోవాళ్ళు ఏనుగొచ్చిందని నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

నవ్వని మనిషి ఒక్కతే, వాళ్ళమ్మ జగ్గమ్మ. ఆమె ఆనాటి నుంచి బండెక్కడమే మానేసింది. మొగుడి కాలం నుంచీ ముందు సీట్లో, ఒళ్ళో మిరపకాయల బుట్టతో దర్జాగా సంతకు వెళ్ళిన మనిషి ఇప్పుడు ఆటోలో జనం మధ్య ఇరుక్కుని వెళుతోంది. ఎందుకమ్మా అంటే, "నాకు ఆటోయే బాగున్నాదిరా," అంటుంది. అంతకు మించి నోరు విప్పదు. నాన్న బండిని చెడగొట్టానని కోపమొచ్చిందని గిరిబాబు తేల్చుకున్నాడు. సంతలో ఆటో దిగుతున్న తల్లిని చూసినప్పుడల్లా అతనికి తల కొట్టేసినట్టుండేది. అమ్మ ఎక్కని బండి ఎంత ఎత్తుంటే మాత్రం ఎవరికి గొప్ప?

అందుకే పాత టైర్లు అరిగిపోయి కొత్తవి వేయించాల్సి వచ్చినప్పుడు పంతం విడిచి అడిగాడు. "నువ్వే వచ్చి సూడమ్మా. నువ్వేవంటే అవే ఏయిస్తాను."

జగ్గమ్మ వస్తానంది. వచ్చింది కూడా, కానీ బస్సులో. కొడుకు బండి ఖాళీగా ముందు పోతుంటే, దాని వెనకే బస్సులో టైర్లు చూడడానికి గజపతినగరం దాకా వచ్చిన తల్లిని ఏమనాలి! గిరిబాబు దిగులు మింగి కొట్లోకి నడిచాడు.

కొట్టు ధనరాజ్‌ది. నరసింగరావు బండికి మొదటి నుంచీ టైర్లు వేసిన చేయి అది. జగ్గమ్మను అక్క వరసలో అప్పా అంటాడు, గిరిబాబును అల్లుడంటాడు. గిరిబాబు కళ్ళు మాత్రం గోడకానించిన వెడల్పాటి టైర్ల మీదే ఉన్నాయి. వాటికి అద్దంలా మెరిసే అల్లాయ్ రిమ్ములు.

"ఇవేస్తే ఎలాగుంతాది మావా?"

"పెళ్ళి ఊరేగింపుకి బాగుంతాది," అన్నాడు ధనరాజ్. "ఇంత ఎడల్పువి మలుపులో బాడీకి రాసుకుంతాయి. స్టీరింగు బరువెక్కిపోతాది. రాయి తగిలితే అల్లాయ్ పగిలిపోతాది. ఇనప రిమ్మయితే వంగినా సరి సేసుకోవచ్చు. గెడ్డ దారికి సన్నంగా, ఎత్తుగా ఉన్న టైర్లేసుకో. బురదని కోసుకుని గట్టి నేల అందుకుంతాయి."

ఎత్తు అన్న మాట వినగానే జగ్గమ్మ మొహం మాడిపోయింది. "ఇంకా ఎత్తేట్రా?"

"బయమేటి అప్పా! ఎత్తు బళ్ళు ఆడోలంతా ఎక్కతన్నారు కాదేటి? ఈ చక్రమ్మీద కాలెట్టి, ఆ రాడ్డట్టుకుని..." అంటూ ధనరాజ్ ఎక్కి చూపించడానికి ముందు చక్రం మీద కాలు వేశాడు.

"తియ్యి కాలు!"

జగ్గమ్మ కేకకు ధనరాజ్ ఉలిక్కిపడి కిందికి దిగాడు.

"దసరా దసరాకీ ఆ చక్రాలకి పసుపు రాసి బొట్టెట్టింది నాను. నిమ్మకాయలెట్టి దండమెట్టింది నాను. మీ బావ దాన్ని నమ్ముకునే మాకింత కూడెట్టినాడు. దానిమీద కాలెట్టి ఎక్కమంతావేటి?"

గిరిబాబు తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, అందుకేటి నువ్వెక్కనిది? నాన్న బండి పాడు సేసీసినానని కోపం కాదేటి?"

"కోపమేట్రా? నీ బండి నీ ఇష్టం. సీటు ఇదివరకు నా నడుం కాడుండేది. ఇప్పుడు గుండెల కాడికొచ్చీసినాది. ఈ మోకాళ్ళతో ఎక్కలేనంటే సంతలో అందరి ముందూ నన్ను బస్తాని ఎత్తినట్టు ఎత్తి కుదేస్తావు. నాకు సిగ్గు కాదేటి?"

గిరిబాబుకు కళ్ళు చెమ్మగిల్లాయి. తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది. ఏడాదిగా అమ్మ మనసు చదివేశాననుకున్నాడు గానీ, మోకాళ్ళ సంగతి ఒక్కసారి అడగలేదు.

"మావా, ఆ దిమ్మలు తీసేస్తే గెడ్డ దాటగలనా?"

ధనరాజ్ బండి కిందికి దూరి చూసి వచ్చాడు. "దిమ్మలేస్తే ఒళ్ళు లేచింది గానీ ఇరుసు లేవదు అల్లుడూ. రాయి తగిలేది ఇరుసు మధ్యనున్న గుండుకే. దాన్ని పైకి లేపాలంటే టైరే పెద్దదవ్వాల. నాను సెప్పిన ఎత్తు టైర్లేసుకుంటే సాలు, దిమ్మలు పీకీవొచ్చు."

"అంటే ఏడాది నుంచీ ఊరికే ఏనుగులా తిరిగీసినాన్నమాట," అని గిరిబాబు తలపట్టుకున్నాడు. ఈసారి జగ్గమ్మ కూడా నవ్వింది.

దిమ్మలు ఊడాయి. ఇనుప రిమ్ములకు ఎత్తయిన సన్నటి టైర్లు ఎక్కాయి. జగ్గమ్మ పక్క దుకాణంలో పసుపూ కుంకుమా తెప్పించి కొత్త టైర్లకు బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి దండం పెట్టింది. సీటు కిందికి దిగింది గానీ, టైర్లు పెద్దవి కదా, పూర్తిగా మునుపటంత దిగలేదు. తలుపు పక్కన మెట్టు అతికించాలంటే వెల్డింగువాడు మర్నాడు గానీ రాడు. ఆమె చూపు బస్సు వచ్చే వైపు తిరిగింది.

గిరిబాబు తలుపు తీసి, కింద ఒక మోకాలు ఆన్చి కూర్చుని, రెండో తొడ మీద చేత్తో తట్టాడు. "కాలెట్టమ్మా."

"చక్రమ్మీద ఎట్టనన్నావు, కొడుకు మీద ఎడతావేటి అప్పా?" అన్నాడు ధనరాజ్.

"చక్రానికి దండమెడతాను గానీ, ఈడికెడతానేటి?" అంది జగ్గమ్మ చెప్పులు విడుస్తూ. "కడుపులో ఉన్నప్పుడే నన్ను తన్నినోడు ఈడు."

కొడుకు భుజం పట్టుకుని, తొడ మీద అడుగు వేసి, సీట్లోకి ఎక్కి సర్దుకుని కూర్చుంది. ప్యాంటు మీద పడిన మట్టి పాదం ముద్రను గిరిబాబు దులుపుకోలేదు. తల్లి చెప్పులు తీసి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"బేగి పోనీరా," అంది జగ్గమ్మ.