అటువైపు పోయిన తీగ

శుక్రవారం పొద్దున్నే రామచంద్రరావు గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలోని తన ఇంటి ముందు కారు తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టాడు. ఆరు సీడీలు పట్టే ఛేంజర్‌ని డిక్కీలో బిగించి, దాని తీగని కార్పెట్ కింద దాచుకుంటూ ముందుకు తెచ్చి స్టీరియోకి కలిపాడు. పాటలు మార్చే చిన్న కంట్రోలర్‌ని ముందు అతికించాడు.

ఈ ముచ్చటంతా కూతురు అమ్ము కోసం. భార్య అనంతలక్ష్మి పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ముందుసీటు ఎక్కలేదు. "అది అమ్మది" అంది ఒకసారి, అంతే. ఎక్కడికి వెళ్ళినా వెనకే, ముభావంగా. పాటలుంటే ఓ మాటైనా వినబడుతుందని తండ్రి ఆశ.

పక్కింటి బుర్హానుద్దీన్, హైదరాబాదు మనిషి, టీ గ్లాసుతో వచ్చి తొంగిచూశాడు.

"ఏం రావ్ సాబ్, డ్రైవర్ ఇటు, మీటలు అటా? మన దిక్కు లెక్క కుడిపక్క స్టీరింగ్ అనుకున్నవా?"

రావు చూసుకున్నాడు. నిజమే. ఇక్కడ స్టీరింగ్ ఎడమపక్క; తీగ కుడివైపు నుంచి వచ్చి, పక్కసీటు ముందు ఆగిపోయింది.

"అది కాదు భాయ్. పాటలు పెట్టడం ఎప్పుడూ ఆవిడ పనే. చెయ్యి అటే పోయింది."

బుర్హానుద్దీన్ గ్లాసు కారు మీద పెట్టాడు. "ఇప్పి మల్ల బిగిద్దామా?"

"సాయంత్రం చూద్దాం. ముందు పలకనీ."

తాళం తిప్పితే గరగరే. బుర్హానుద్దీన్ డిక్కీలో ఎర్తు నల్లతీగ బిగించినచోట రంగు గీకి మళ్ళీ బిగించాడు. వీణ మోగింది. అమ్ము పరుగెత్తుకొచ్చి అలవాటుగా వెనక కూర్చుంది.

"ఇది వద్దు నాన్నా, ఇంకోటి పెట్టు."

రావు చెయ్యి చాపాడు. అందలేదు.

"ఇంకొంచెం వంగు!"

"ఇంతకంటే వంగితే నన్నూ మడిచి డిక్కీలో పెట్టాలమ్మా."

అమ్ము కిసుక్కుమంది. తనూ సీట్ల మధ్యనుంచి చెయ్యి చాపింది. వేళ్ళు తగిలాయి కానీ మీట నొక్కలేకపోయింది.

"ఎవరు పెట్టారిక్కడ?"

"నేనే. సాయంత్రం మార్చేస్తాలే."

అమ్ము ఆ సీటు వంక కాసేపు చూసింది. తర్వాత చెప్పులు వదిలేసి, మధ్యనుంచి పాకి ముందుకొచ్చి పడింది. గౌను సర్దుకుని మీట నొక్కింది. నచ్చలేదు, మళ్ళీ నొక్కింది.

"మార్చకు," అంది. "నీకందితే అన్నీ పాతవే పెడతావు. అమ్మ ఊరికే అనేది కాదు."

రావు నవ్వుతూ గేరు వేశాడు. ఇవాళ అద్దంలో చూడనక్కర్లేదు, పక్కకి తిరిగితే చాలు.

"యల్లా, పోయిరాండ్రి!" అని చెయ్యూపిన బుర్హానుద్దీన్, మరుక్షణం కారు వెంట పరుగందుకున్నాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి! నా గ్లాసు!"