తొడకు కట్టిన పట్టీ

"ఎలా ఉంది సయోకో గారూ? మరీ బిగుతుగా ఉందా?"

తొడకు రబ్బరు పట్టీ చుట్టి, అందులోకి గాలి ఎక్కిస్తూ అడిగింది వ్యాయామం చేయించే అసాకురా. "లేదమ్మా, బాగానే ఉంది," అంది సయోకో అలవాటుగా. అసాకురా ఆమె పాదం చూసి గబుక్కున గాలి వదిలేసింది.

"అయ్యో, కాలు తెల్లగా పాలిపోతుంటే బాగుందంటారేంటండీ! కాలికి రక్తం పారడం కాస్త తగ్గాలిగానీ ఆగిపోకూడదు. మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

సయోకోకు సిగ్గేసింది. ఏం చెప్పాలి? ఎంత బిగిస్తే బిగుతో తనకే తెలియడం లేదు మరి. పెళ్ళైన కొత్తలో మామగారి సంవత్సరీకంనాడు, బౌద్ధ గురువు పారాయణ చేస్తున్నంతసేపూ మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చుంది. కాళ్ళు మొద్దుబారి కాస్త కదిలితే, "ఈ పిల్లకి కూర్చోవడం కూడా రాదు," అంది అత్తగారు, చుట్టాలందరికీ వినపడేలా. ఆ మొద్దుకాళ్ళతోనే లేచి అందరికీ టీ అందించింది. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా మళ్ళీ ఎప్పుడూ కదల్లేదు. ఇప్పుడా అత్తగారినే స్నానపు తొట్టెలోంచి ఎత్తబోయి నడుము పట్టేసింది. "అమ్మ బరువేం తగ్గదు, నువ్వే బలం తెచ్చుకోవాలి," అంటూ భర్త మోరియో ఈ వ్యాయామశాలలో చేర్పించాడు. పట్టీ కట్టి చిన్న చిన్న బరువులెత్తితే చాలు, ముసలి కండ కూడా గట్టిపడుతుందట. నిజమే, గట్టిపడుతోంది. మెట్లెక్కుతుంటే హాయిగా ఉంది, సంతోషమేస్తోంది. కానీ ఎవరి కోసం ఈ బలం? తన కోసమా, అత్తగారి స్నానం కోసమా? సంతోషపడాలో వద్దో తెలియక ఏడుపొస్తోంది.

అసాకురా మళ్ళీ గాలి ఎక్కించింది. "ఇప్పుడో?"

"కొంచెం..." సయోకో తడబడింది. "కొంచెం తగ్గించమ్మా."

అంతలో ఆమెను తీసుకెళ్ళడానికి మోరియో వచ్చాడు. బూట్లు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఏమ్మా, మా అమ్మను మా ఆవిడ ఎప్పటికి ఎత్తగలదు? స్నానం చేయించడానికొచ్చే మనిషిని వచ్చే నెల నుంచి మానిపించేస్తున్నా."

అసాకురా సయోకో వైపు చూసింది. ఏమనబోతోందో సయోకోకే తెలియలేదు.

"బూట్లు విప్పి లోపలికి రండి," అంది. "అసాకురా గారూ, పట్టీ కట్టడానికి ఈయన తొడ కొలత తీసుకోండి. వచ్చే నెల నుంచి అత్తయ్యకు స్నానం ఈయనే చేయిస్తారు."

"నేనా?" అన్నాడు మోరియో.

"మీ అమ్మే కదండీ," అంది సయోకో.