పడవలో రసమట్టం

మొదట్లో నా చేతిలో ఉన్నవి పాత తలుపులూ కిటికీలూ అమ్మే దుకాణం, తుక్కు ధరకు కొన్న తెరచాప పడవ, మా ముందుగదిలో రెండేళ్లుగా పాతుకుపోయిన బావమరిది. మొదటి రెండూ ఎప్పటికైనా అమ్ముడుపోయే సరుకులే. మూడోదానికే గిరాకీ లేదు.

అందుకని ఒప్పందం ఇలా కుదిర్చాను. పడవ లోపల కుళ్లిన కలప తీసి కొత్తది వేసే పని అతనిది, ఖర్చు నాది. అమ్మగా వచ్చిన లాభంలో సగం తీసుకుని వేరే ఇల్లు చూసుకోవాలి.

"తమ్ముణ్ణి గెంటేస్తున్నారా?" అంది మా ఆవిడ.

"గెంటడమేంటే, పడవెక్కిస్తున్నాను."

బావమరిది ఇళ్లలో అల్మరాలు చేసే వడ్రంగి. పనిమంతుడే, కాకపోతే పనికంటే నోరు రెండాకులు ఎక్కువ చదివింది. పడవ రేవు ఒడ్డున దిమ్మెల మీద ఉంది. లోపలికి దిగగానే తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. పడక కింది చెక్కను స్క్రూడ్రైవరుతో పొడిస్తే అరటిపండులో దిగినట్టు పిడిదాకా దిగింది. కిటికీ అంచున కారిన వాననీరు వెనకనుంచి పాకి అంతా తినేసింది. పైన వార్నిష్ మాత్రం పెళ్లికొడుకులా మెరుస్తోంది.

"బావా, ఇది కలప కాదు, నానిన బిస్కెట్టు."

"అమ్మినవాడు టేకన్నాడే!"

"టేకే. కాగితమంత మందాన."

కుళ్లు తీయడంలో వంక పెట్టడానికి లేదు. నల్లబడిన చోట ఆగకుండా, గట్టి చెక్క తగిలేదాకా కోశాడు. కిటికీకి కొత్త రబ్బరు వేశాడు. పడకలు, అరలు, పొయ్యి బల్ల అన్నీ కొత్తగా బిగించాడు. ప్రతి చెక్క మీదా రసమట్టం పెట్టి, గాజుగొట్టంలోని బుడగ నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడు.

"వెంట్రుకవాసి తేడా ఉంటే నా పేరు మార్చుకుంటా బావా!"

కొనడానికి రిటైరైన పళ్ల డాక్టరు ఒకాయన ముందుకొచ్చాడు. నీళ్లలో చూశాకే బేరం అన్నాడు. క్రేనుతో దింపించాం. పడవ హంసలా తేలింది. డాక్టరు లోపలికి దిగి పడక మీద నడుం వాల్చాడు. మెల్లగా పడవ ముక్కువైపు జారాడు. లేచి సర్దుకున్నాడు, మళ్లీ జారాడు. బల్ల మీది నా టీ గ్లాసు ఆయన వెంటే బయల్దేరింది. సొరుగులు వాటంతటవే తెరుచుకున్నాయి.

"ఏంటయ్యా ఇది?"

"నా పని సూటిగానే ఉందండీ. పడవే వంకర," అన్నాడు బావమరిది, రసమట్టం తీసి పెడుతూ. బుడగ ఒక మూలకు పోయి కూర్చుంది.

ఒడ్డు మీది రేవు మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "వాననీళ్లు నిలవకుండా ఒడ్డుమీది పడవని ముక్కు పైకెత్తి నిలబెడతాం కదయ్యా! వాలి ఉన్న పడవలో రసమట్టం చూసి బిగించారా? నీళ్లలో పడవ సమంగా నిలిచేసరికి మీ చెక్కలన్నీ ముక్కువైపు వాలాయి!"

"నా చేతికి ఎన్నో వంకర పళ్లు వచ్చాయి, కానీ ఇంత శ్రద్ధగా పెంచిన వంకర ఇదే చూడ్డం," అని డాక్టరు మెట్లెక్కిపోయాడు.

విప్పి మళ్లీ బిగించమంటే బావమరిది ముఖం ముడుచుకున్నాడు. "ఇంత మంచి పనిని విప్పడానికి నాకు చేతులు రావు బావా."

పడవా పోదు, బావమరిదీ పోడు. రెండు మొండి సరుకుల్ని వేర్వేరుగా మోయడం వ్యాపారి లక్షణం కాదు.

"సగమెందుకు, పడవ మొత్తం నువ్వే తీసుకో," అన్నాను. "నీ పని విలువ తెలిసినవాడివి నువ్వొక్కడివే."

కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడే పెట్టె సర్దుకుని పడవలో దిగాడు.

మా ఆవిడ వెళ్లి చూసొచ్చింది. "కాళ్లు గోడకి తన్నిపెట్టి పడుకుంటున్నాడండీ. ప్రపంచంలో సరైన మట్టంలో ఉన్న పడక తనదొక్కటేనట!"

లెక్క తేల్చాను. పడవ పోయింది, కలప పోయింది, క్రేను కూలీ పోయింది. రేవు అద్దె నెలనెలా నా నెత్తినే ఉంది. వచ్చిందల్లా, ఎవరి కాళ్లూ దాటకుండా నడవగలిగే ముందుగది. గిట్టుబాటే.