కెమెరా మీద తువ్వాలు

సీతారామాంజనేయులుకి దేవుడు రెండు కళ్ళే ఇచ్చాడు. ఆ లోటుని ఆయన సొంత డబ్బుతో పూడ్చుకున్నాడు.

మధురవాడ కొండవాలు మీద ఆయన నడిపే ఆడపిల్లల జూనియర్ కాలేజీలో గేటుకొక కెమెరా, క్లాసుకొక కెమెరా, మెస్సులో ఒకటి. ఆ ఏడాది, అంటే రెండువేల ఆరులో, హాస్టల్ మేడమీద వరండాలో ఇంకొకటి పెట్టించాడు. వరండాకి ఒక చివర స్నానాల గదులు, రెండో చివర పిల్లల గదులు. కెమెరా నడిమధ్యన ఉంది. 'మీ అమ్మాయి ఇరవై నాలుగు గంటలూ మా కళ్ళముందే' అని సిటీ బస్సుల వెనక బోర్డులు కూడా రాయించాడు. అవి చదివి మురిసిపోయిన తల్లిదండ్రులు వైజాగ్‌లో చాలామందే దొరికారు.

ఆ కెమెరా మీద గురువారం పొద్దున్న ఎవరో తడి తువ్వాలు కప్పారు.

"ఎవరో కాదు, నువ్వే!" సీతారామాంజనేయులు బల్ల గుద్దాడు.

బల్లకి ఇవతల నిలబడి ఉంది కీర్తన. సెకండియర్ ఎంపీసీ. ఆమె హాల్ టికెట్ ఆయన సొరుగులో ఉంది. వచ్చే వారం పరీక్షలు. ఆయన వెనక టీవీలో వరండా బొమ్మ ఆడుతూనే ఉంది. ఎవరో అమ్మాయి బకెట్ పట్టుకుని వెళ్తోంది. అంత కోపంలోనూ ఆయన ఒక కన్ను అటే వేసి ఉంచాడు.

"నాతో ఈ పని ఎవరు చేయించారో పేర్లు చెప్పాలి. ఆదివారం పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ క్షమాపణ అడగాలి. అప్పుడే హాల్ టికెట్. లేదంటే ఏడాదంతా ఇంట్లో కూచుని వడియాలు పెట్టుకో."

"నీతో" అనబోయి "నాతో" అన్నానని కూడా తెలియనంత ఊపులో ఉన్నాడాయన. పక్కన నిలబడ్డ వార్డెన్ ఆశాజ్యోతి నేలచూపులు చూస్తోంది. వరండాలో కెమెరా తీయించమని కీర్తన, ఆమె రూమ్మేట్ నర్గీస్ మొదట అడిగింది ఆ వార్డెన్‌నే. "సార్‌ని అడగండమ్మా" అంది. సార్‌ని అడిగితే, "తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?" అన్నాడు. ఫోన్‌లో తండ్రికి చెప్పుకుంటే ఆయనా అదే మాట, కాస్త గోదావరి యాసలో.

ఇక మిగిలింది తువ్వాలే.

కీర్తన ఆయన ముఖంలోకి చూసింది. ఈయనకి సిగ్గు లేదు, అది అందరికీ తెలిసిందే. కానీ సిగ్గు లేదన్న సంగతి ఈయనకే తెలీదు. అది పనికొచ్చే విషయం.

"నేను కాదు సార్. నాకంటే ముందే ఎవరో వేశారు. నేను తీద్దామని ముట్టుకున్నానంతే."

"అబద్ధం! ఆదివారం టీవీ పెట్టి చూపిస్తాను!"

"ఒక్క నిమిషం ముక్క చూపిస్తే ఎలా సార్? నాకంటే ముందు ఎవరు వెళ్ళారో తెలియాలి కదా!"

"తెల్లారినప్పటినుంచీ వేస్తానే! ఒక్కొక్కర్నీ చూపిస్తాను. అప్పుడేమంటావ్?"

"మొదటినుంచే వెయ్యండి సార్," అంది కీర్తన. తల దించుకుంది, ఆయన తన ముఖం చూడకుండా.

ఆ మధ్యాహ్నం మెస్సులో ఆమె తన వరండా పిల్లలందరినీ ఒక బల్ల దగ్గరికి పిలిచింది. జరగబోయేది చెప్పి, "మీ అమ్మానాన్నలందరూ చూస్తారు. ఒక్కరు వద్దన్నా ఇప్పుడే వెళ్ళి తప్పు ఒప్పేసుకుంటాను," అంది.

నర్గీస్ అన్నం కలుపుతూ అంది: "రోజూ ఎవడెవడో చూస్తున్నాడు. ఒక్కరోజు మావాళ్ళని చూడనీ."

ఎవరూ వద్దనలేదు.

* * *

ఆదివారం మెస్ హాలు నిండిపోయింది. స్టేజీ మీద పెద్ద టీవీ. ముందు వరసలో కీర్తన తండ్రి దొరబాబు, స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్, ఇస్త్రీ చొక్కాలో ఒదిగి కూచున్నాడు.

"ఆయన కాళ్ళు పట్టేసుకోవే తల్లీ," అని గొణిగాడు. "పోయేదేముంది?"

"చూద్దాం నాన్నా."

"చూసేదేంటి? ఏడాది పోద్ది! ప్లాంటు బస్సులో నలుగురికీ ఏం చెప్పుకోను?"

కూతురి చదువు పోతుందన్న దిగులు కంటే ప్లాంటు బస్సు దిగులే ఆయనకి పెద్దదిగా ఉంది.

వెనక వరసలో గంగాలమ్మ కూచుంది. ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాడి చేపలు టోకున కొనే మనిషి. పాట ముగించుకుని అటునుంచి అటే వచ్చింది. ఆమె పక్క కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నాయి. చేపల వాసనతో పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆమె కూతురు సీతాలుది కూడా కీర్తన ఉండే వరండాయే. ఆమె ముందు వరసలో, పాత ఊళ్ళో బట్టల కొట్టు ఉన్న అబ్దుల్ వహాబ్, నర్గీస్ తండ్రి.

సీతారామాంజనేయులు మైకు పట్టుకున్నాడు. క్రమశిక్షణ మీద మాట్లాడాడు, తన త్యాగాల మీద మాట్లాడాడు. దొంగ దొరికే ముందు పోలీసాఫీసరులా గొంతు తగ్గించి, "ఇప్పుడు చూడండి," అని మీట నొక్కాడు.

టీవీలో ఖాళీ వరండా. స్నానాల గది తలుపు ఓరగా తెరుచుకుంది. నైటీలో ఒక అమ్మాయి తల బయటపెట్టి కెమెరా వైపు చూసింది. తువ్వాలు తలమీంచి ముఖం మీదకి లాక్కుంది. గోడ వైపు తిరిగి, వీపు కెమెరాకి పెట్టి, గోడని రాసుకుంటూ పక్కకి పక్కకి అడుగులేసింది. కెమెరా దాటగానే పరుగెత్తింది.

తరవాత ఇంకో అమ్మాయి. అదే తువ్వాలు, అదే గోడ, అవే పక్క అడుగులు. తరవాత ఇంకొకరు. ఒక అమ్మాయికి బకెట్ జారి నీళ్ళు ఒలికాయి. బకెట్ అక్కడే వదిలేసి పోయింది కానీ ముఖం మాత్రం తిప్పలేదు.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని సీతారామాంజనేయులు మెచ్చుకోలు అనుకున్నాడు.

"చూశారా? పొద్దున్నే ఒక్క పిల్లైనా నోరెత్తుతోందా? నవ్వులు లేవు, కబుర్లు లేవు. ఎవరి దారి వాళ్ళది! ఇదీ మన కాలేజీ!"

"ఆగు బాబూ," వెనకనుంచి గంగాలమ్మ గొంతు లేచింది. వేలంపాటలో మోగే గొంతు, మైకు అక్కర్లేదు. "ఆ పసుప్పచ్చ నైటీ నాను కొన్నదే. అది నా సీతాలేనా?"

"అవునమ్మా, మీ అమ్మాయి చాలా క్రమశిక్షణ..."

"మొకం గోడకేసి నడత్తందేటి?"

"అది... పిల్లల అలవాటమ్మా."

"ఏటలవాటు? నా కూతురు హార్బర్లో మొగోళ్ళని మోసేత్తో తోసుకుని నడిసే పిల్ల. దానికి పీత నడక నేర్పినోడెవడు?"

అబ్దుల్ వహాబ్ లేచి నిలబడ్డాడు. చాలా మర్యాదగా అడిగాడు. "సాబ్, ఈ కెమెరా ఎక్కడుందండీ?"

"హాస్టల్ వరండాలో. స్నానాల గదుల ఎదురుగా. ఎదురుగానే, లోపల కాదు సుమండీ!" అన్నాడు సీతారామాంజనేయులు, లోపల పెట్టకపోవడం ఏదో దానధర్మమైనట్టు.

"దీన్ని చూసేదెవరు?"

"నా గదిలో టీవీ ఉంది. నేను తప్ప ఇంకెవరూ..."

"అడ్మిషన్లకి వచ్చినవాళ్ళు, ఫీజు కట్టడానికి వచ్చినవాళ్ళు, అందరూ అంకుల్," కీర్తన లేచింది. "సార్ వాళ్ళకి కాఫీ ఇప్పించి మరీ చూపిస్తారు."

ఈ మాట వహాబ్‌కి చెప్పింది గానీ చూపు తండ్రి మీదే ఉంది. దొరబాబు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో కీర్తన కనిపించింది. మిగతావాళ్ళలా గోడ వైపు తిరగలేదు. తిన్నగా కెమెరా కిందికి నడిచి వచ్చి, మునివేళ్ళ మీద లేచి తువ్వాలు విసిరింది. బొమ్మ చీకటైపోయింది.

"అదిగో! అదిగో! దొరికింది!" సీతారామాంజనేయులు గెంతినంత పని చేశాడు. "చెప్పానా ఈ పిల్లే అని!"

ఒక్కరూ కీర్తన వైపు చూడలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన చెయ్యి గాల్లోనే కాసేపు ఉండి, మెల్లిగా కిందికి దిగింది.

"తువ్వాలేటమ్మా," అంది గంగాలమ్మ, స్టేజీ వైపు నడుస్తూ. "రాయెట్టి కొట్టవలసింది. ఆ కెమెరానీ, ఈ సచ్చినోణ్ణీ కూడా."

* * *

ఆ తరవాత సీతారామాంజనేయులు చాలా చురుగ్గా పనిచేశాడు. హాల్ టికెట్ తనే పరుగెత్తి తెచ్చి దొరబాబు చేతిలో పెట్టాడు. వరండాలో కెమెరా సాయంత్రంలోగా పీకించేస్తానన్నాడు. ఆశాజ్యోతిని అందరి ముందూ తిట్టాడు. తరవాత తండ్రులందరినీ ఒక మూలకి చేర్చి, "బయటికి పొక్కితే మన పిల్లల పేర్లే కదండీ పాడయ్యేది," అన్నాడు.

మన పిల్లలట! తండ్రులు తలలూపారు. కాఫీలొచ్చాయి. ఇందాక ఆయన్ని ఉరిమి చూసినవాళ్ళే తాగారు.

గంగాలమ్మ తాగలేదు. "రికార్డయిన డబ్బా ఇంకా ఈడి గదిలోనే ఉన్నాది. నాను పోలీసు టేసనుకెళ్తన్నాను. ఎవులొత్తారు?"

"మీకేమమ్మా," అన్నాడొకాయన, చొక్కా మీద కాఫీ పడకుండా చూసుకుంటూ. "మావి పరువున్న కుటుంబాలు."

"సరే బాబూ, తాగు. సల్లారిపోద్ది."

ఆమె సీతాలు చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది. వహాబ్, నర్గీస్ ఆమె వెనకే వెళ్ళారు. ఆటో మాట్లాడుతున్నారు.

దొరబాబు స్కూటరు స్టాండు తీస్తూ, "హమ్మయ్య, పనైపోయింది," అన్నాడు. "ఇంటికెళ్ళి చదువుకో తల్లీ. కేసులూ గొడవలూ మనకెందుకు? పరీక్షల ముందు ఆయన్ని కెలికితే ప్రాక్టికల్ మార్కులేమైనా చేస్తాడేమో కూడా."

"జూన్‌లో ఫీజు కట్టడానికి వచ్చావు. ఆయన గదిలో టీవీ చూశావు కదా నాన్నా?"

"ఏదో... అలా చూశానంతే. గుర్తులేదు."

"గుర్తుంది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పావు. ఎవరో పొడుగు జడ పిల్లట, ఎంత బుద్ధిమంతురాలో, తువ్వాలు కప్పుకుని మొహం కూడా చూపించకుండా వెళ్ళిపోయిందన్నావు. నన్నూ అలా ఉండమని అమ్మచేత ఫోన్ చేయించావు."

దొరబాబు స్కూటరు అద్దం తుడవడం మొదలెట్టాడు.

"చూశావు, కాఫీ తాగావు, మెచ్చుకున్నావు," అంది కీర్తన. "ఆయనకైతే అది వ్యాపారం. నీకేంటి నాన్నా?"

ఆయన చేతిలోని హాల్ టికెట్ తీసుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది. గేటు బయట ఆటో స్టార్టయింది.

"కీర్తనా! ప్రాక్టికల్స్..." అన్నాడు దొరబాబు.

కీర్తన పరుగెత్తుకెళ్ళి ఆటో ఎక్కింది. గంగాలమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. వెనక స్కూటరు కిక్కు కొట్టిన చప్పుడు వినిపించింది. తమ వెంట వస్తున్నాడో, ఇంటికే పోతున్నాడో ఆమె తిరిగి చూడలేదు.

"స్టేషన్‌కి పోనీ అన్నా," అంది డ్రైవరుతో.