ఫోటోలో ఉన్న లక్ష్మి

శుక్రవారం పొద్దున్నే గేటు చప్పుడైతే పద్మశ్రీ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. తీరా చూస్తే పాలవాడు.

"ఆయనొచ్చేస్తే ఏం చెబుదామండీ?" అని మొగుడి చెవిలో గొణిగింది.

గోపీనాథ్ గడ్డం నురుగులోంచి నవ్వాడు. "ముందు కాఫీ ఇద్దాం."

కాళ్ల పారాణి ఆరకముందే కొనితెచ్చుకున్న తంటా ఇది. వన్‌టౌన్‌లో వాళ్లది బట్టల కొట్టు. చనిపోయిన మామగారు మిల్లు తానుల మీద అంటించి వచ్చే రంగుల బొమ్మల కాగితాలను ఊడదీసి పెట్టెలో దాచేవారు. ఏనుగులు, రైళ్లు, గొడుగు పట్టుకున్న దొరసానులు. "చెదలకి పెట్టే బదులు అమ్మెయ్యండి" అంది అత్తగారు గంగాదేవి. బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని, వేలం సైటులో ఫోటో పెట్టారు. పాత కాగితాలవాడు కిలోల్లెక్కన తూచే సరుక్కి ముఖం తెలియనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో పోటీ పడుతుంటే పద్మశ్రీ గాల్లో తేలిపోయింది.

అయితే ఫోటో నిండుగా ఉంటుందని, అత్తగారు కంకిపాడు వెళ్లిన పూట, దేవుడి గూట్లోని లక్ష్మి బొమ్మను కూడా మధ్యలో పెట్టి తీసింది. కొట్టు తెరిచిన రోజు మొదటి తాను మీద వచ్చిన బొమ్మ అది. అట్టకి అంటించి, అత్తగారు రోజూ పూజ చేస్తుంది. వేలంపాట గెలిచిన, పాత బొమ్మలు సేకరించే హైదరాబాదు సంజీవరావు మెయిలు పంపాడు. ఫోటోలో ఉన్నవన్నీ తనవేనట, లక్ష్మి కోసమే పాడాడట, శుక్రవారం స్వయంగా వస్తాడట. ఫోన్లో బతిమాలినా వినలేదు. అత్తగారికి ఈ సంగతి ఇంకా తెలియదు.

ఆయన రానే వచ్చాడు. పెట్టెలో బొమ్మలన్నీ చూసి, "లక్ష్మి ఏదమ్మా?" అన్నాడు మెత్తగా.

"ఏ లక్ష్మి?" అంది గంగాదేవి.

పద్మశ్రీ దేవుడి గూటి వైపు చూపించింది. "మన లక్ష్మే అత్తయ్యా. ఊరికే మధ్యలో పెట్టి ఫోటో తీశాను. అది కూడా అమ్మినట్టేనట."

గంగాదేవి గూటి దగ్గరికి వెళ్లి బొమ్మ మీది పూలు ఒక్కొక్కటే తీసింది. తిడితే బాగుండుననిపించింది పద్మశ్రీకి.

"అమ్మా, వద్దులే" అన్నాడు గోపీనాథ్. నవ్వు ఎప్పుడో పోయింది.

"నోర్ముయ్. కొట్టువాళ్లం. చూపించిన సరుకు ఇవ్వకపోతే ఎట్లారా?" ఆమె బొమ్మను రెండు చేతులతో తెచ్చి సంజీవరావు చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. మొహం మాడిపోయింది. "ఇదంతా పసుపూ కుంకుమా? ఫోటోలో తెలియలేదే! మరకలుంటే మాకు పనికిరాదండీ. పాడైపోయింది."

"మాకు పనికొస్తుంది లెండి," అని గంగాదేవి చటుక్కున లాక్కుంది.

ఆయన మిగతావి తీసుకుని, సైటులో వీళ్ల గురించి చెడ్డగా రాస్తానని చెప్పి మరీ వెళ్లాడు.

"అమ్మాయ్," అంది గంగాదేవి గూటి దగ్గర్నుంచి, "ఇంకా ఏమేం ఫోటోలు తీశావ్? నన్ను గానీ పెట్టేశావా?"