అహ్మద్ పాషా ద్రోహం

కృష్ణకుమారి తెనాలి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అమెరికాలో, నోవైలోని కూతురింటికి వచ్చాక అల్లుడు దివాకర్ మీద ఆమెకున్న గౌరవం వారం వారం తరుగుతూ వచ్చింది. ఏ ఎండకా గొడుగు పట్టడంలో అతన్ని మించినవాడు లేడని ఆమె అభిప్రాయం.

మనవరాలు భవిత స్కూల్ హిస్టరీ ఫెయిర్‌కి బోన్‌వాల్ అనే ఫ్రెంచి ప్రభువును ఎంచుకుంది. దాదాపు మూడువందల ఏళ్ల కిందటివాడు. ఫ్రాన్సు కొలువులో చెడి ఆస్ట్రియాలో చేరాడు. అక్కడా చెడి టర్కీ సుల్తాను పంచన పడ్డాడు. ఆస్ట్రియాకి తనను అప్పగిస్తారన్న భయంతో ఇస్లాం పుచ్చుకుని, అహ్మద్ పాషాగా సుల్తాను ఫిరంగిదళానికి కొత్త యుద్ధవిద్య నేర్పాడు.

శనివారం పొద్దున దివాకర్ ఆ చార్ట్ చూసి మండిపడ్డాడు.

“వీడు ద్రోహి! జాబ్ కోసం దేశాన్నీ, మతాన్నీ అమ్ముకున్నాడు. టైటిల్ చేంజ్ చేయి. ‘ట్రెయిటర్’ అని పెట్టు.”

“బట్ డాడీ, కన్వర్ట్ అవకపోతే డిపోర్ట్ చేస్తారు కదా. హీ వజ్ స్కేర్డ్.”

“అయితే? ప్రిన్సిపుల్స్ ఉండక్కర్లా?” అంటూ, పిల్ల అంటించిన శీర్షికను చర్రున లాగేశాడు. భవిత కళ్లలో నీళ్లు తిరిగాయి.

కృష్ణకుమారి కాఫీ కప్పు కింద పెట్టింది.

“బాబూ, మొన్న డెట్రాయిట్‌లో చెయ్యెత్తి ఏమని ప్రమాణం చేశారు?”

“సిటిజన్‌షిప్ ఓత్. అందరూ చేసేదే కదా అత్తయ్యగారూ.”

“పాత దేశానికి విధేయత వదిలేశానని, అవసరమైతే ఈ దేశం కోసం ఆయుధం పడతానని. అంతేనా?”

“అది జస్ట్ ఫార్మాలిటీ అండీ! నేనేం మతం మార్చుకోలేదుగా.”

“గ్రీన్‌కార్డు రాక అల్లాడిన రోజుల్లో మార్చుకోమని అడిగుంటే?”

దివాకర్ పనేమీ లేకపోయినా గరాజ్‌లోకి వెళ్లిపోయాడు.

భవిత కొత్త శీర్షిక పెట్టలేదు. మధ్యాహ్నం ఫెయిర్‌లో చార్ట్‌కి శీర్షిక ఎందుకు లేదని జడ్జి అడిగితే ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పింది: “మా డాడీ ఇతన్ని ద్రోహి అంటారు. మా అమ్మమ్మ అందరిలాంటి మనిషే అంటుంది. నాకు మాత్రం ఇతనొక టీచర్. ఎక్కడికి పారిపోయినా, వచ్చింది నేర్పాడు.”

మొదటి బహుమతి ఆ పిల్లకే వచ్చింది.

చప్పట్లు ఇంకా ఆగలేదు, దివాకర్ అప్పుడే తెలుగువాళ్ల గుంపు మధ్యలో ఉన్నాడు. “ఐడియా నాదే అండీ! ఇమిగ్రెంట్ యాంగిల్‌లో చూడమ్మా, పాపం అతన్ని జడ్జ్ చేయకూడదు అని నేనే గైడ్ చేశాను.”

పాషా ప్రాణభయంతో పక్షం మార్చాడు, ఈయనకేం వచ్చింది అనుకుంది కృష్ణకుమారి. తిట్టడానికి కూడా మనసొప్పలేదు.

“అత్తయ్యగారూ, రండి, ఫొటో!”

“మీరు దిగండి బాబూ,” అని ఆమె మనవరాలి పక్కకు నడిచింది.