గురువారం ప్రశ్నలు

గ్యాసు సిలిండరు తను కట్టేసిందా లేదా, కట్టే ఉంటుంది, మర తిప్పినట్టు వేళ్లకు గుర్తుంది గాని కళ్లకు గుర్తు లేదు, వేళ్లను నమ్మేదేముంది, పొద్దున్నే ములుఖియ్యా ఆకు ఉడకేసి దించి మూత పెట్టి వచ్చింది, లుజైన్ అప్పటికే కోటు తొడుక్కుని మెట్ల మీద నిలబడి ఉంది, పద అమ్మా ఆలస్యమవుతోంది అని కూడా అనలేదు, మేకుకు తగిలించిన బట్టలా ఊరికే నిలబడింది, ఇప్పుడు ఇల్లు అంటుకుంటే ఇర్బిద్ ఊరంతా ఏమంటుంది, లైస్ తల్లి కదా తను, ఉమ్మ్ లైస్ కూతుర్ని పిచ్చి డాక్టరుకు చూపించబోయి కొంప కాల్చుకుంది అంటుంది, పిచ్చి డాక్టరు కాదు, యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రం, గుమ్మం మీద అలాగే రాసి ఉంది, తొమ్మిదో తరగతి దాకా చదివింది తను, ఆ మాత్రం చదవగలదు, మూడో అంతస్తు, ప్లాస్టిక్ కుర్చీ, చెప్పుల్లోంచి పైకి పాకే జనవరి చలి, ఎదురుగా గది, గదిలో లుజైన్, ఆ డాక్టర్ నిస్రీన్, గడియ విరిగిన తలుపు వేలెడు సందు వదిలి ఆగిపోయింది, ఇంత పెద్ద యూనివర్సిటీలో ఒక గడియ బిగించే నాథుడు లేడు, పిల్లల మనసులు మాత్రం బాగుచేస్తారట.

గోడ మీద బొమ్మ, తెల్లటి పళ్లతో నవ్వుతున్న ఒక పిల్ల, కింద పెద్ద అక్షరాలు, విద్యార్థుల ఆరోగ్య పరిశోధన, మీ మాట మాకు ముఖ్యం, ఆ నవ్వే పిల్ల ఒక్క పరీక్షయినా రాసి ఉంటుందా, రాసి ఉంటే ఆ పళ్లు అలా కనిపించవు, సెప్టెంబరులో లుజైన్ ఇలాంటి కాగితమే ఇంటికి తెచ్చింది, పిల్లలు ఎలా నిద్రపోతున్నారు ఏం తింటున్నారు మనసెలా ఉంది అని అడుగుతారట అమ్మా, ఎనిమిది వందల మందిమట, ప్రతి గురువారం ఫోనుకు ప్రశ్నలు వస్తాయట, నంబరివ్వాలి అంది, అప్పుడింకా అట, అట అంటూ మాట్లాడేది, నీ నంబరు ఎవడెవడి చేతికో ఎందుకే, మన వీధిలో ఏ ఆడపిల్లయినా నంబరిస్తుందా, నాదివ్వు, ఏమొచ్చినా నాకు వస్తుంది అంది తను, అలాగే ఇచ్చింది, బడి చివరి పరీక్ష తౌజీహిలో నూటికి తొంభై నాలుగు తెచ్చుకున్న పిల్ల, ఫార్మసీలో సీటు వచ్చిన రోజు వాళ్ల నాన్న అబూ లైస్ అజ్లూన్ ఊరికి నడిపే తన మినీ బస్సు హారను వీధంతా మోగించాడు, పళ్లేల కొద్దీ కునాఫా పంచాం, అక్కడే జరిగింది తప్పు, ఇన్ని కళ్లముందు అంత తీపి పంచకుండా ఉండాల్సింది, కింద ఫ్లాటు ఉమ్మ్ సుహైబ్ ముక్క నోట్లో పెట్టుకుని మీ పిల్లకు బుర్ర ఎంతుందో అంది, దిష్టి తగలకుండా అనాల్సిన మాషాఅల్లా అనలేదు, తను చెవులు రిక్కించుకుని విన్నది, అనలేదు.

మొదటి గురువారం వంటింట్లో తను కూసా కాయలు తొలుస్తోంది, లుజైన్ బల్ల దగ్గర తల్లి ఫోను పట్టుకుని కూర్చుంది, భుజం మీదుగా చూసింది తను, చూడకుండా ఎలా ఉంటుంది, తల్లి, గడిచిన రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేదనిపించిందా, కింద నాలుగు గుండ్రాలు, అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజులకు పైగా, దాదాపు రోజూ, పిల్ల వేలు వెళ్లి వెళ్లి నాలుగో గుండ్రం మీద ఆగింది, వణకలేదు, వెతుక్కోలేదు, ఇంటి తలుపు తట్టినంత మామూలుగా నొక్కింది, కత్తి జారి తన బొటనవేలు తెగింది, ఏమిటే ఇది, ఇలా రాస్తారా ఎవరైనా, ఎలా ఉన్నావని అడిగితే ఏమంటాం మనం, అంతా దేవుడి దయ, అల్‌హందులిల్లాహ్ అంటాం, తుంటి విరిగి ఏడాది మంచాన పడ్డ మీ తాత ఏమనేవాడు, పోయే రోజు కూడా అదే అన్నాడు, అంటే లుజైన్ తలెత్తకుండా, వీళ్లు డాక్టర్లమ్మా, దేవుడికి కాదు చెప్పేది అంది, డాక్టర్లకు మాత్రం ఆడపడుచులుండరా, ఆడపడుచులకు నోళ్లుండవా, రేపు ఎవరైనా నిన్ను పెళ్లికి అడగడానికి మన గుమ్మం ఎక్కితే ఆ పిల్లకు బుర్ర తిరిగిందట అని వెనక్కి తిప్పేస్తారు, ఇటివ్వు, లాక్కుంది ఫోను, అడిగింది నన్ను కదమ్మా అంది లుజైన్, అంతే అంది, మెల్లిగానే అంది, కూసా వాసన కొడుతున్న చేత్తో తను తొమ్మిది ప్రశ్నలకూ మొదటి గుండ్రమే నొక్కింది, వెంటనే ఒక పువ్వు బొమ్మ వచ్చింది, ధన్యవాదాలు లుజైన్, నువ్వు బాగుండటమే మా సంతోషం, ఆ పువ్వు చూసి తనెంత మురిసిపోయింది, సిగ్గులేని మురిపెం, నిజంగా పిల్లకు నయమైనట్టే.

ఆ తర్వాత పిల్లను పిలవలేదు, గురువారం ఫోను గుర్రుమనగానే తనే నొక్కేది, ఉల్లిపాయలు వేగేలోపల అయిపోయేది, ఎన్ని గంటలు నిద్రపోయావు, ఎనిమిది, ఎన్నిసార్లు తిన్నావు, మూడు, అవీ మొదటి గుండ్రాలే, అటు పళ్లెం పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంటే ఇటు మూడు అని నొక్కేది, లబ్నె, మక్లూబా, నిమ్మకాయ పిండిన కోడి సూపు, ఏది పెట్టినా తర్వాత తింటానమ్మా, తర్వాత, ఆ తర్వాత రాలేదు, తొమ్మిదో ప్రశ్న దగ్గర మాత్రం కళ్లు మూసుకునేది, బతకడం దండగ అనిపించిందా అని ఏ తల్లి కన్న మనిషి రాశాడో ఆ ప్రశ్న, కరిచే కుక్క పక్కనుంచి దాటినట్టు దాటేసేది, అసలు లేదు, నొక్కి, ఆపైన పిల్ల దిష్టికి పటిక కాల్చేది, నిప్పు మీద పటిక ఉబ్బి ఉబ్బి చివరికి కన్నులా తేలింది, అచ్చం ఉమ్మ్ సుహైబ్ కన్నే, చూశావా దొరికింది అనుకుంది, గుండె తేలికపడింది, మర్నాడు అదే ఉమ్మ్ సుహైబ్ మెట్ల మీద ఆపి, మీ లుజైన్ ఎంత సన్నబడిందో ఉమ్మ్ లైస్, ఏం మందు వాడుతోంది, ఫార్మసీ రహస్యమైతే మా పిల్ల చెవిలో కూడా వేయరాదూ అని నవ్వింది, అబూ లైస్‌కు చెబితే మందుల చదువు చదివేదానికి మందు నువ్వు వెతుకుతావేమిటే, వయసు పిల్లలు అలాగే ఉంటారు, టీ పెట్టు అన్నాడు, పెట్టింది, సేజ్ ఆకు వేసి మరీ పెట్టింది.

భయం లేదా తనకు, భయం తప్ప ఏముంది తనకు, బస్సు ఎక్కితే బోల్తా పడుతుందని, ఎవడైనా వెంటపడతాడని, ల్యాబులో ఆమ్లం ముఖాన పడుతుందని, దిండు కింద ఆయతుల్ కుర్సీ రాసిన కాగితం పెట్టింది, బ్యాగుకు దిష్టి తగలకుండా నీలి పూస కుట్టింది, ఆ పూసతోనే పరీక్ష హాలులో కూర్చుంది లుజైన్, పోయిన ఆదివారం, రెండు గంటలు, కాగితం మీద పేరు రాసి, నంబరు రాసి, ఇంకేమీ రాయకుండా, కాపలా ఉన్న పంతులమ్మ చెయ్యి పట్టుకుని లేపితే మంచుముక్కలా ఉందట చెయ్యి, అది మూడో కాగితం, మూడూ తెల్లవే, కాలేజీవాళ్లు పిలిచి చెప్పారు, జబ్బని డాక్టరు రాసిస్తే ఈ సెమిస్టరు లెక్కలోకి రాదు, రాయకపోతే పేరు కొట్టేస్తాం, అప్పుడు ఒప్పుకుంది తను, రాయించుకోవాలి, జబ్బేనని రాయించుకోవాలి, ఇన్నాళ్లూ ఏ మాట ఎవరి చెవినా పడకూడదని పళ్లబిగువున దాచిందో ఆ మాట ముద్ర వేయించుకుని రావాలి.

తలుపు సందులోంచి డాక్టర్ నిస్రీన్ గొంతు, కటువుగా లేదు, కటువుగా ఉన్నా బాగుండేది, చూడు లుజైన్, మా దగ్గర పద్నాలుగు వారాల జవాబులున్నాయమ్మా, అన్నీ మొదటి గుండ్రాలే, ఎనిమిది వందల మందిలో నీ అంత బాగున్న పిల్ల లేదు, తల్లిదండ్రుల దగ్గరుండి చదివే ఆడపిల్లలు ఎంత నిబ్బరంగా ఉంటారో అని మొన్న సభలో చెప్పాం కూడా, ఇప్పుడు పరీక్ష పోయాక జబ్బని నేను రాస్తే కమిటీవాళ్లు ఈ జవాబులే తీసి నా ముందు పెడతారు, సాకు అంటారు, ఒక్క వారమైనా నాలుగో గుండ్రం కనపడితే మేమే పిలిచేవాళ్లం తల్లీ, పిలవడానికే కదా పంపేది, పదకొండు మందిని పిలిచాం, పదకొండు, వాళ్లలో ఒకతే కాబోలు ఇందాక మెట్ల దగ్గర చిప్స్ పొట్లం చింపుకుంటూ నవ్వుతూ దిగిపోయింది, రమ్థా ఊరి యాస, ఆ పిల్ల తల్లి ఏం చేసింది, ఏమీ చేయలేదు, ఫోను లాక్కోలేదు, అంతే, నిబ్బరమట, సభలో చెప్పారట, తన వంటింటి జవాబులు, ఉల్లిపాయల పక్కన నొక్కినవి, తెర మీద వేసి చప్పట్లు కొట్టి ఉంటారు.

ఇవన్నీ నువ్వే నింపావా లుజైన్, అంది డాక్టరు, చెప్పకే పిల్లా, కాదు చెప్పు, చెబితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను, చెప్పకపోతే నువ్వెక్కడికి పోతావు, చెప్పు, మా అమ్మ అను, తొమ్మిదో తరగతి చదివిన మొద్దు అను, కాళ్లు లేవవేం, కుర్చీకి మేకులు కొట్టినట్టు, లోపల ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, అప్పుడు లుజైన్ గొంతు, వారాల తర్వాత ఇంత స్పష్టంగా, నేనే నింపాను డాక్టర్, అన్నీ నేనే, అప్పుడు బాగానే ఉన్నాను, అల్‌హందులిల్లాహ్.

అల్‌హందులిల్లాహ్, ఆ విరుపు తనదే, ఆ చివర సాగదీయడం తన తండ్రిది, కన్ను కుట్టకుండా తను పిల్ల చుట్టూ పొగ వేసినట్టు ఇప్పుడు పిల్ల తన చుట్టూ వేస్తోంది, చదువు పోతే పోనీ అమ్మ ముఖం నిలవాలని, బ్యాగులో ఫోను గుర్రుమంది, తీసి చూసింది, గురువారం, ఎలా ఉన్నావు లుజైన్, తొమ్మిది ప్రశ్నలు, నాలుగేసి గుండ్రాలు, వేలు దానంతటది మొదటి గుండ్రం మీదికి పోబోయింది, పోయి ఆగింది, తెగిన గీత ఇంకా ఉంది బొటనవేలి మీద, తెలియక చేశాననుకుంటోంది ఇన్నాళ్లూ, భయంతో చేశాననుకుంటోంది, తెలియకపోవడమేమిటి, ఆ రోజు వంటింట్లో పిల్ల వేలు ఎక్కడ ఆగిందో కళ్లతో చూసింది, కత్తి జారింది అందుకే, ఉమ్మ్ సుహైబ్‌కు తెలియదు, అబూ లైస్‌కు తెలియదు, ఇంత చదివిన ఈ డాక్టరుకూ తెలియదు, లుజైన్‌కు జబ్బని మొదటి గురువారమే తెలిసిన మనిషి ఈ ఇర్బిద్ మొత్తానికీ ఒక్కతే, ఆ ఒక్క మనిషి ఫోను పిడికిట్లో పట్టుకుని లేచి గడియ విరిగిన తలుపు తోసింది.